రంగూను చిట్టికోళ్ళు

గుడ్డును చంపటానికి కత్తి అక్కరలేదు. కాగుతున్న నీళ్ళలో ఒక్కసారి ముంచి తీస్తే చాలు. పెంకు చిట్లదు, రంగు మారదు. పుచ్చుకున్నవాడు దాన్ని ఊకలో పొదివి భద్రంగా ఇంటికి మోసుకుపోయి, పొదుగుకోడి కింద పెట్టి, పిల్లలకోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు. తమ కోళ్ళ జాతి గడప దాటిపోకుండా పందెగాళ్ళయిన పెద్దమనుషులు తరతరాలుగా చేస్తూ వచ్చిన పని ఇది. పల్లెపాలెంలో ఉండే వీరవేణి తనకూ అదే చేసిందని రత్నమాణిక్యం నిశ్చయించుకుని పడవెక్కింది.

పెనుగొండ దగ్గరి ఆ ఊళ్ళో రత్నమాణిక్యం చిట్టికోళ్ళు తెలియనివారు లేరు. పావురానికి కాస్త పెద్దవి, నాటుకోడిలో సగం కూడా లేనివి. కాళ్ళ నిండా ఈకలు కావటంవల్ల నడుస్తున్నప్పుడు పాదాలు కనిపించక, నేలమీద జారుతున్నట్టుండేవి. భర్త పోయాక ఆ ఇంట్లో పొలం మరిదిదీ, గాదె తాళాలు తోడికోడలివీ అయ్యాయి. భాగవతం చదువుకుంటూ ఒక మూల కూర్చోమని ఆమెకు సెలవిచ్చారు. ఆమె భాగవతం చదివింది. చదివి ఊరుకోక కోళ్ళను పెంచింది. ఆ ఇంటికి వచ్చినవాళ్ళు మరే సంగతీ ఆమెను అడగరు గాని, కోళ్ళ సంగతి మాత్రం ఆమెనే అడగవలసి వచ్చేది.

పోయిన వేసవిలో కొక్కెర తెగులు తగిలి పెట్టలన్నీ పోయాయి. ఒక్క పుంజు మిగిలింది. అదీ ముసలిది. ఈ శీతాకాలం దాటితే దానివల్ల పిల్లలు కలుగుతాయన్న ఆశ లేదు. ఆ జాతి పెట్టలు ఇంకా ఉన్నది వీరవేణి దొడ్లో మాత్రమే. ఓడల మీద పనిచేసిన ఆమె మగడు బుల్లియ్య వాటిని రంగూను నుంచి తెచ్చాడు. రత్నమాణిక్యానికి మొదటి జత ఇచ్చినదీ అతడే. అతడు సముద్రంలో పోయాడు, కోళ్ళు మిగిలాయి.

రత్నమాణిక్యం పడవ నడిపే చిట్టియ్య చేత బియ్యం పంపి గుడ్లు తెప్పించుకుంది. పొదగలేదు. మళ్ళీ తెప్పించింది. మళ్ళీ పొదగలేదు. ప్రతి గుడ్డూ తన చేత్తోనే పగలగొట్టి చూసుకుంది. తెల్లసొన తెల్లసొనగా, పచ్చసొన పచ్చసొనగా ఉన్నాయి. నెత్తుటి పోగు ఒక్కదానిలోనూ లేదు. వేడినీళ్ళ సంగతి అప్పుడే ఆమెకు తోచింది. చేపలమ్ముకునేవాళ్ళు ఇంకేం చేస్తారని కూడా తోచింది.

పుంజును మూతబుట్టలో పెట్టి వెంట తెచ్చుకుంది. ఇంట్లో తోడికోడలి అల్లుడు దిగి ఉన్నాడు. అల్లుడున్న ఇంట్లో పుంజును వదిలి రావటం బుద్ధిమంతులు చేసే పని కాదు.

మొగల్తూరు దాటాక గాలిలో ఉప్పు తగిలింది. ఉప్పుటేరు ఒడ్డున, ఇసుకలో ఆరబోసిన చేపలను తిరగేస్తున్న వీరవేణి, పడవ దిగుతున్న మనిషిని చూసి లేచి నిలబడింది. ఆమె వెనక బోర్లించిన పాత నావ నీడలో ఐదారు చిట్టిపెట్టలు ఇసుక గీరుతున్నాయి.

"తమరే వచ్చేరేంటండి అమ్మగారూ. కబురెడితే నేనే పంపేదాన్ని గదండి."

"పంపినవి చూసే వచ్చాను" అంది రత్నమాణిక్యం. "నీళ్ళు ఎంతసేపు కాచావు?"

"ఏం నీళ్ళండి?"

"గుడ్లు ముంచిన నీళ్ళు."

వీరవేణి చేతులకంటిన పొలుసులు చీర చెరగుకు తుడుచుకుంది. "గంజి కాచుకోడానికే పుల్లలు దొరకవండి ఈ ఇసకలో. మీ గుడ్లకి తలంట్లు కూడా పొయ్యమంటారా?"

పడవలో చిట్టియ్య దగ్గాడు. రత్నమాణిక్యం దారి పొడుగునా కూర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. వాటిలో మొదటిదానికి నోరు తెరిచేలోగా ఒక పెట్ట ఆమె కాళ్ళ దగ్గరకు వచ్చింది. అలవాటుగా వంగి దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. రెక్క ఎత్తి చూసింది, రొమ్ము తడిమింది, వీపు నిమిరింది. నిమిరిన చేయి అక్కడే ఆగిపోయింది.

పుంజుతో తిరిగే పెట్టకు వీపుమీద ఈకలు నిలవవు. తొక్కుడుకు అరిగి, విరిగి, చర్మం కనిపిస్తుంది. ఈ పెట్ట వీపుమీద ఒక్క ఈక కూడా చెదరలేదు. రెండో పెట్టను పట్టుకుని చూసింది. అదీ అంతే.

"నీ పుంజేది వీరవేణీ?"

వీరవేణి మళ్ళీ చేపల ముందు కూర్చుంది. తిరగేసినవాటినే తిరగేసింది.

"దసరాకి గుమాస్తా వెంకటరాజుగారు పట్టికెళ్ళారండి. కామందుగారి మనవడు ఆడుకుంటాడని. కాలికి తాడు కట్టి ఈడ్చేడంట. పండగెళ్ళకుండానే పోయింది."

"పుంజు లేదని నాకెందుకు చెప్పలేదు?"

"గుడ్లడిగేరు. గుడ్లిచ్చేను. పిల్లలియ్యమని మీరడగలేదండి."

"వీరవేణీ."

"చెప్తే ఏం జరుగుద్దండి? మాట కామందుగారి దాకా ఎళ్ళుద్ది. 'పుంజే లేకపోయాక ఇంకెందుకే, కూరకి పంపెయ్' అంటారు. ఇంకో పుంజు ఉందనుకున్నన్నాళ్ళూ ఇయ్యి రంగూను కోళ్ళు. లేదని తెలిసిందంటే కూరేనండి." ఆమె గొంతులో ఏడుపు లేదు. ఎండు చేపల ధర చెప్పినట్టు చెప్పింది.

రత్నమాణిక్యం పెట్టను నేలమీద వదిలింది. పగలగొట్టిన గుడ్లలో నెత్తుటి పోగు లేకపోవటానికి కారణాలు రెండున్నాయి. పన్నెండేళ్ళు కోళ్ళను పెంచిన తనకు ఆ రెండూ తెలుసు. తెలిసి, ఒక్కదాన్నే ఎంచుకుంది. ఆమె కోపం దారి తప్పిందే గాని తగ్గలేదు. ఎవరి మీదకు మళ్ళాలో ఇంకా తేల్చుకుంటుండగానే గట్టు మీద గొడుగు కనిపించింది.

కామందుగారి గుమాస్తా వెంకటరాజు, వెనక ఖాళీ గంప మోస్తున్న పనివాడితో దిగి వచ్చాడు. రత్నమాణిక్యాన్ని చూసి గొడుగు దించి దణ్ణం పెట్టాడు. "అక్కగారు ఇక్కడున్నారేంటండి? తమర్ని కూడా మోసం చేసిందా ఈ వీరవేణి? మాకిచ్చిన గుడ్లన్నీ మురిగిపోయాయండి. తెల్లదొరసానిగారికి చిట్టికోళ్ళ జత ఇస్తామని కామందుగారు మాటిచ్చారు. ఇంక లాభం లేదని పెట్టల్నే తెచ్చెయ్యమన్నారు. మా దొడ్లోనే గుడ్లు పెట్టించుకుని పొదిగించుకుంటాం."

"మీ దొడ్లో పెట్టినా అవి పిల్లలు కావు వెంకటరాజుగారూ. పుంజు లేదు."

"పుంజుతో పనేంటండి? గుడ్డు పెట్టేది పెట్ట గదా."

రత్నమాణిక్యం అతణ్ణి పరీక్షగా చూసింది. "మీకు పిల్లలెందరు?"

"నలుగురండి, తమ దయవల్ల."

"నా దయ అలా ఉంచండి. ఆ నలుగురి విషయంలో మీ ప్రమేయం ఏమీ లేదనేనా మీ అభిప్రాయం?"

చిట్టియ్య ముఖం నీళ్ళవైపు తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. గంప మోస్తున్నవాడు నేలచూపులు చూశాడు. వెంకటరాజు చెవుల దాకా ఎర్రబడ్డాడు. అతడు ఏదో అనబోతుండగా, పెట్టల అలికిడి పసిగట్టిన ముసలి పుంజు రత్నమాణిక్యం పక్కనున్న మూతబుట్టలోంచి గొంతెత్తి కూసింది.

వెంకటరాజు ముఖంలో ఎరుపు మెల్లగా తగ్గి, ఆ స్థానంలో చిరునవ్వు వచ్చింది.

"పుంజు లేదన్నారే అక్కగారూ."

"అది నాది."

"తమరిదే లెండి. కామందుగారు ఒక మాటడిగితే తమ మరిదిగారు కాదంటారా? పొలాల సరిహద్దు తగువు ఇంకా వాళ్ళిద్దరి మధ్యా నడుస్తానే ఉంది గదండి. ఒక్క పుంజుతో అది తెగిపోతుందంటే ఇచ్చెయ్యరా?" పనివాడి వైపు తిరిగాడు. "ముందు పెట్టల్ని పట్టరా."

పనివాడు గంప దించాడు. వీరవేణి లేచి నావకు అడ్డంగా నిలబడింది. చేపలు కోసే కత్తి ఆమె చేతిలో ఉంది. ఎప్పుడు తీసిందో రత్నమాణిక్యం చూడలేదు. కత్తి ఎత్తితే పెట్టలు మిగలవు, వీరవేణీ మిగలదు. దివాణాల్లో, కచేరీల్లో చెప్పుకోవటానికి వాళ్ళకు ఒక కథ మాత్రం మిగులుతుంది.

"ఆగండి" అంది రత్నమాణిక్యం. "ఈ పెట్టలను నేను పాలుకు తీసుకున్నాను."

అది ఆ సీమలో అందరికీ తెలిసిన ఒప్పందమే. ఒకరి పశువు, ఒకరి పోషణ, పుట్టిన పిల్లలు చెరిసగం. పాలులో ఉన్నదాన్ని ఒక్కరిని బెదిరించి పట్టుకుపోవటానికి వీలుండదు.

"ఎప్పుడు తీసుకున్నారండి?"

"మీరు గట్టు దిగకముందు. చిట్టియ్య సాక్షి."

అందరూ పడవవైపు చూశారు. కామందు ధాన్యం కూడా చిట్టియ్య పడవలోనే నరసాపురం పోతుంది. అతడు గెడ మీద రెండు చేతులూ ఆనించి, వెంకటరాజును చూశాడు, వీరవేణి చేతిలోని కత్తిని చూశాడు. రత్నమాణిక్యం అతణ్ణి బతిమాలే చూపు చూడలేదు. ఆమెకు అటువంటి చూపు చేతకాదు.

"ఆయ్" అన్నాడు చివరికి. "ఇన్నానండి."

"విన్నారు గదా. ఇక నా సొత్తు ముట్టుకుంటే నరసాపురం మునసబు కోర్టులో దావా వేస్తాను. కామందుగారి మీద కాదు. పేరు పెట్టి మీ మీద. దసరాకు పట్టుకుపోయిన పుంజు ఏ పిల్లవాడి చేతిలో ఎలా చచ్చిందో కూడా అర్జీలో రాయిస్తాను. దొరసానిగారు కోళ్ళంటే ఇష్టపడే మనిషంటున్నారు. ఆమెకూ చదివి వినిపిస్తారు."

వెంకటరాజు పనివాణ్ణి చేసైగతో ఆపాడు. తన యజమాని పరువుకూ తన ఉద్యోగానికీ మధ్య దూరం ఎంతో అతడు లెక్కవేసుకుంటున్నట్టు కనిపించింది. తర్వాత గొడుగు విప్పాడు.

"దావాకి రోజులు పడతాయండి. తమరేమో పొద్దువాలేసరికి పడవెక్కుతారు." మర్యాదగా దణ్ణం పెట్టి గట్టెక్కి వెళ్ళిపోయాడు.

అతడు కనుమరుగయ్యాక వీరవేణి కత్తి దించింది.

"నా పెట్టలు మీకు పాలుకిచ్చేనని ఎప్పుడన్నానండి?"

"అనలేదు. ఇప్పుడు అడుగుతున్నాను."

"అయితే పుంజునిక్కడ వదిలెళ్ళండి."

"వదిలి వెళ్ళను. సాయంత్రానికి అతను మళ్ళీ వస్తాడు. పెట్టలను నా పడవలో పెట్టు."

"పెట్టనండి. పెద్దోళ్ళ గడపెక్కిన కోడి తిరిగి దిగి రావడం నా జన్మలో చూళ్ళేదు."

తన మరిది గడప సంగతి రత్నమాణిక్యానికి తెలుసు.

"అమ్మగారూ, ఆటు మొదలైందండి" అని చిట్టియ్య కేకవేశాడు. "నీరు తీసేసిందంటే పడవ బురదలో కూర్చుంటాది."

రత్నమాణిక్యం బుట్ట మీద చేయి వేసి నిలబడింది. పుంజును తీసుకుపోతే జాతి అంతమైనట్టే. వదిలిపోతే రాత్రికే అంతమవుతుంది. కాపుల ఇంటి విధవ పల్లెపాలెంలో రాత్రి గడిపిందన్న మాట పెనుగొండ చేరటానికి పడవ కూడా అక్కరలేదు.

"నువ్వు వెళ్ళు చిట్టియ్యా" అంది. "గుడ్లు పొదిగి పిల్లలు లేచేదాకా నేనిక్కడే ఉంటానని ఇంట్లో చెప్పు."

"ఏమని చెప్పనండి? అయ్యగారు నన్ను తంతారండి."

"పొలం ఆయన చూసుకుంటున్నాడు, నా పని నేను చూసుకుంటున్నానని చెప్పు. కోపం వస్తే స్వయంగా వచ్చి నాతో మాట్లాడమను."

చిట్టియ్య తల గోక్కుని గెడ వేశాడు. పడవ కదిలింది.

"ఎక్కడుంటారండి?" అంది వీరవేణి. ఆమె గొంతులో మొదటిసారిగా కంగారు వినిపించింది. "మా ఇంట్లో మంచినీళ్ళు కూడా పుచ్చుకోరు గదండి మీరు."

"పొద్దుట్నించీ ఎండలో ఉన్నాను. ఇవ్వు."

వీరవేణి లోపలికి వెళ్ళి ముంతతో నీళ్ళు తెచ్చింది. ఇస్తూ ఒక్క క్షణం వెనక్కి లాగింది, నిజంగా తాగుతుందా అని. రత్నమాణిక్యం అందుకుని, నిలబడే తాగి, ఖాళీ ముంత తిరిగి ఇచ్చింది.

"పిల్లలు చెరిసగమేనాండి?"

"చెరిసగమే."

"బేసొస్తే?"

రత్నమాణిక్యం తొందరపడకుండా ఆలోచించింది. "నీది."

వీరవేణి ముంత పక్కన పెట్టి, నావ కిందినుంచి చిరుగులు పడ్డ పాత వల ఒకటి లాగి విదిలించింది. ఒక కొసను గుంజకు కట్టి, రెండోది రత్నమాణిక్యం చేతికిచ్చింది.

"పొద్దు గూకేలోగా, ఆళ్ళు మళ్ళీ రాకముందే దొడ్డంతా చుట్టెయ్యాలండి. లాగి పట్టుకోండి. వదిలేరంటే మళ్ళీ మొదట్నించీ కట్టాలి."

ఉప్పుకు బిరుసెక్కిన తాడు అరచేతుల్లో కోసుకుంటోంది. రత్నమాణిక్యం దాన్ని మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకుని, గట్టు వైపు చూపు తిప్పకుండా, వెనక్కి వాలి లాగింది.