శుక్రవారం కాగితం

బస్సు బ్రస్సెల్స్ పొలిమేరల్లో ఇరుక్కుపోయి ముప్పావుగంట దాటింది. వైపర్లు వాననీళ్ళను అటూ ఇటూ తోస్తున్నాయి. నోయెల్లా కళ్ళు వాలిపోతున్నాయి. కానీ మూసుకుంటే చాలు, రెప్పల వెనక ఇత్తడి మెరుపులు దొర్లుతున్నాయి. పొద్దున ఆరింటికి రాత్రి షిఫ్టు దిగింది. ఏడింటికి ఫ్యాక్టరీ గేటు దగ్గరే బస్సెక్కింది. ఇంటికెళ్ళి మొహం కడుక్కోవడానికి కూడా వ్యవధి దొరకలేదు.

పక్క సీట్లో జినెట్ అట్టపెట్టె విప్పింది. హామ్ పెట్టిన రొట్టె, ఒక ఆపిల్, నీళ్ళసీసా, నీలం స్కార్ఫు. స్కార్ఫు మీద 'హక్కులూ కావాలి, ఉద్యోగాలూ కావాలి' అని అచ్చు.

"చూడవే, హామ్ ఎంత పల్చగా కోశారో! దీంట్లోంచి చూస్తే వాన కనిపిస్తోంది."

"తిను. ఊరికే వచ్చిందేగా."

"ఊరికే ఏం కాదు. మనల్ని తీసుకెళ్ళి పార్లమెంటు చూపించడానికి మన ఎంపీ లాంబియోకి ఆ పార్లమెంటే ఇస్తుంది డబ్బులు. పోయిన నెల చర్చి ముసలమ్మలు. అంతకు ముందు తేనెటీగలు పెంచేవాళ్ళు. ఈ నెల తూటాలవాళ్ళం మనం." జినెట్ స్కార్ఫుతో ముక్కు తుడుచుకుంది. "మెత్తగానే ఉందిలే."

నోయెల్లా నవ్వింది. నవ్వుతూనే సంచీలో చెయ్యి పెట్టి కాగితం ఉందో లేదో తడుముకుంది. ఉంది. మూడు వాక్యాలు, పెద్ద అక్షరాల్లో.

వాల్మ్యూజ్ తూటాల ఫ్యాక్టరీలో నోయెల్లాది తనిఖీ బల్ల. చిన్న తూటాల్ని కెమెరాలు చూసుకుంటాయి. పెద్దవాటికి మాత్రం ఇప్పటికీ మనిషి కన్నూ మనిషి వేలూ కావాలి. మందు కూరకముందు ఖాళీ ఇత్తడి డొప్పను వెలుతురుకెత్తి లోపలికి చూడాలి, బొటనవేలితో అంచు చుట్టూ తడమాలి. సరిగ్గా ఉంటే కుడిచేతి పళ్ళెంలోకి దొర్లించాలి, లేకపోతే ఎడమచేతి ఎర్ర డబ్బాలో వెయ్యాలి. కుడికి దొర్లించినప్పుడల్లా పైకి "బాగుంది" అనాలి. పక్కన లెక్క మీట నొక్కే మనిషి కోసం పుట్టిన ఆచారం అది. ఆ మనిషిని తీసేసి యంత్రం పెట్టి ఐదేళ్ళయినా నోళ్ళకు అలవాటు పోలేదు. ఆరుగురు ఆడవాళ్ళు రాత్రంతా బాగుంది, బాగుంది అని జపం చేస్తున్నట్టే ఉంటుంది.

గంటకు పదహారు యూరోలు. తక్కువని కాదు బాధ. ప్రతి శుక్రవారం సాయంత్రం, కూలీల్ని కుదిర్చే కంపెనీ నుంచి ఆమె ఫోనుకు ఒక కాగితం వస్తుంది. సంతకం పెడితే వచ్చే శుక్రవారం దాకా ఉద్యోగం ఉన్నట్టు. తొమ్మిదేళ్ళుగా ఆమె బతుకు ఏడేసి రోజుల ముక్కలుగానే నడుస్తోంది. ఎడమ మోకాలి చిప్ప అరిగిపోయింది. ఆపరేషన్ చేస్తే ఆరువారాలు కదలకూడదన్నాడు డాక్టరు. వారం మనిషికి ఆరువారాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఆమె మాత్రలు మింగుతూ నిలబడుతోంది.

పోయిన సోమవారం మేనేజరు పిలిచి కుర్చీ చూపించాడు. తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. లాంబియో గారి సభలో మూడు వాక్యాలు చదవాలట. చదివితే ఈ శుక్రవారం వచ్చే కాగితం మీద ఆఖరి తేదీ ఉండదట.

*

లాంబియో గారు పార్లమెంటు మెట్ల దగ్గరే ఎదురొచ్చాడు. యాభై దాటినా చలాకీగా ఉన్నాడు. కోటుకు ఒకవైపు తెల్ల రిబ్బను, ఎడారి అవతలి దేశంలో హతులైన ఆడవాళ్ళ గుర్తుగా. రెండోవైపు తూటాల ఫ్యాక్టరీ నూరేళ్ళ పండక్కి ఇచ్చిన బంగారురంగు బిళ్ళ. ఆయన వెనక సెక్రటరీ క్లోతిల్డ్ ఒక్కొక్కరి పేరూ చెవిలో ఊదుతుంటే, ఆయన ఆ పేర్లను చిన్నప్పటి నుంచీ ఎరిగినట్టు పలుకుతున్నాడు.

"నా విదేశాంగ విధానం రెండు ముక్కల్లో చెప్తాను," అన్నాడు అందర్నీ చుట్టూ నిలబెట్టి. "నా గుండె ప్రపంచానిది. నా వెన్నెముక వాల్మ్యూజ్‌ది."

"కడుపు ఎవరిదో మరి," అని జినెట్ గొణిగింది.

"ఏమన్నారమ్మా?"

"రేపు ఆ తీర్మానం మీద ఓటు ఎటేస్తారు సార్ అంటున్నా."

"రెండు వైపులా! ఆ దేశంలో జరిగిన ఘోరాన్ని ఖండించే పేరాకి అవును. తూటాల అమ్మకం ఆపమనే పేరాకి కాదు."

"ఒకే కాగితంలోనా?"

"ఒకే కాగితంలోనే. అదేనమ్మా రాజకీయం!" అని జినెట్ భుజం తట్టాడు. మనిషి అబద్ధం చెప్పటంలేదు. ఏ సంకోచమూ లేకుండా, వంటల పద్ధతి చెప్పినట్టు చెబుతున్నాడు. నోయెల్లాకు అదే ఎక్కువ రోతగా అనిపించింది.

తర్వాత ఆమెను పక్కకు తీసుకెళ్ళాడు. గొంతు తగ్గించాడు.

"ఆ దేశం నుంచి ఒక మంత్రసాని వస్తోంది. ఆసుపత్రి దాడిలో బతికి బయటపడ్డావిడ. పోయినవారం ఇంకోచోట మాట్లాడుతూ, అక్కడ దొరికిన ఖాళీ డొప్ప చూపించి ఏడ్చిందిట. ఇక్కడా ఏడుస్తుంది. మీరు వెంటనే అందుకోకండి. రెండు క్షణాలు ఆగండి. నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాను, అదే సైగ. అప్పుడు చదవండి. ఏడుపు మీద కష్టజీవి గొంతు బాగా అతుకుతుంది."

నోయెల్లా ఒక అడుగు వెనక్కి వేసింది. "బాత్రూం ఎటు సార్?" అంది.

*

బాత్రూంలో ఒక పెద్దావిడ కుళాయి ముందు నిలబడి దాని మెడ తిప్పాలని చూస్తోంది. గోధుమరంగు ముసుగు, సాదా నల్ల చెప్పులు, అరవై ఏళ్ళుంటాయి.

"తిప్పక్కర్లేదండీ. చెయ్యి కింద పెట్టండి, అదే వస్తుంది."

నీళ్ళు వచ్చాయి. పెద్దావిడ చిన్నపిల్లలా చెయ్యి తీసి, మళ్ళీ పెట్టి చూసింది. "మా ఊళ్ళో నీళ్ళు ఇంత మాట వినవు చెల్లీ," అంది. ఫ్రెంచి కొంచెం బరువుగా పలుకుతోంది. "నా పేరు జెయ్నబూ."

నోయెల్లా సంచీలోంచి సగం నిమ్మచెక్క తీసి వేళ్ళకు రుద్దుకుంది. తనిఖీ బల్ల దగ్గర అందరూ చేసేదే అది. ఎంత సబ్బు పెట్టినా ఇత్తడి కంపు పోదు, నిమ్మకాయకైతే కాస్త లొంగుతుంది.

"ఏం పని చేస్తావు?"

"ఇత్తడి... ఇత్తడి వస్తువుల ఫ్యాక్టరీలో."

"మా అమ్మకీ ఇత్తడి కెటిల్ ఉండేది. బూడిదతో తోమేది. ఆవిడ వేళ్ళూ ఇదే వాసన." జెయ్నబూ ఆమె చెయ్యి అందుకుని, కాన్పుకు వచ్చిన మనిషి చెయ్యి చూసినట్టు తిప్పి చూసింది. "నిద్ర పోలేదు నువ్వు. తిండీ సరిగ్గా లేదు." ముసుగు మడతలోంచి కమలాపండు తీసి, వొలిచి, సగం నోయెల్లా అరచేతిలో పెట్టింది. "తిను. నేను చూస్తుండగా తిను. గర్భిణీలకైనా ఇంతే చెప్తాను, చాటుగా పారేస్తారు లేకపోతే."

నోయెల్లా తింది. తొమ్మిదేళ్ళలో, తిన్నావా అని కూడా అడక్కుండా, ఆమె మొహం చూసి ఆకలి పట్టుకున్నది ఈ మనిషొక్కతే. తను చేసేది తూటాలని చెబుదామని నోరు తెరిచింది. క్లోతిల్డ్ తలుపు తోసి "మేడమ్, టైమయింది," అంది. ఎవర్ని పిలిచిందో తెలియక ఇద్దరూ కదిలారు.

*

గుర్రపునాడా ఆకారంలో పెద్ద బల్ల. గోడపొడుగునా గాజు గదుల్లో అనువాదకులు. ఫొటోకు బాగుంటుందని క్లోతిల్డ్ నోయెల్లాను మధ్యలో కూర్చోబెట్టింది. ఆమెకు ఎడమవైపు లాంబియో, కుడివైపు జెయ్నబూ. జినెట్, తక్కిన వాళ్ళు నీలం స్కార్ఫులతో వెనక వరసలో.

పక్కన కూర్చున్నది ఎవరో జెయ్నబూకి ఇంకా తెలియదు. ధైర్యం చెప్పడానికి వచ్చిందనుకుందేమో, బల్లకింద ఆమె మోకాలు తట్టింది.

జెయ్నబూ మాట్లాడింది. ఏడవలేదు. పన్నెండు మంచాల వార్డు. ఆ పూట తనతో, అప్పుడే పుట్టిన బిడ్డతో కలిపి పదిహేనుమంది. సైనికులు వరండాలోంచి కిటికీల గుండా కాల్చారు. తను బొడ్డుకోస్తున్న కాన్పు మంచం గోడ పక్కన ఉంది కాబట్టి తనూ, ఆ బిడ్డా మిగిలారు. తల్లి మిగల్లేదు. పేర్లు చెప్పింది. పదమూడు పేర్లు, తడబడకుండా, ఒక్కొక్క పేరు తర్వాత అది ఎన్నో కాన్పో చెప్పింది.

లాంబియో అనుకున్న ప్రకారం కళ్ళద్దాలు తీశాడు. ఆవిడకు ఏడుపు రాలేదు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఏడో పేరు దగ్గర మళ్ళీ తీశాడు.

"వరండా ఊడ్చినప్పుడు దొరికింది ఇది," అంటూ జెయ్నబూ ప్లాస్టిక్ సంచీలోంచి ఖాళీ డొప్ప తీసి బల్లమీద పెట్టింది. "ఎవరిదో నాకు తెలియదు. అడుగున అక్షరాలు అరగదీసేశారు. తయారుచేసిన వాళ్ళు చెబుతారని ఇంతదూరం వచ్చాను."

"హృదయాన్ని కలచివేసే సాక్ష్యం," అన్నాడు లాంబియో. "అందుకే ఈ సభ పెట్టాను. హక్కుల దగ్గర నేను రాజీపడను. కానీ న్యాయమంటే రుజువు కూడా. వాల్మ్యూజ్ సరుకు ఒక మిత్రదేశానికి వెళ్ళింది, ఇంకెవరికీ అమ్మబోమని వాళ్ళు రాసిచ్చారు. మన మధ్య ఒక కార్మికురాలు ఉంది. తొమ్మిదేళ్ళ అనుభవం. ఆమే చూసి చెబుతారు." నోయెల్లా ముందున్న మైకు ఎర్రగా వెలిగింది.

జెయ్నబూ మెల్లగా తల తిప్పి నోయెల్లాను చూసింది.

ఆవిడ తోసిన డొప్ప దొర్లుకుంటూ వచ్చింది. నోయెల్లా దాన్ని ఆపింది. అంతే, ఆ తర్వాత పని చేసింది ఆమె కాదు, ఆమె చెయ్యి. డొప్పను దీపానికెత్తింది. లోపలికి చూసింది. బొటనవేలు అంచు చుట్టూ తిరిగింది. నిద్రలేని ఒళ్ళు, తొమ్మిదేళ్ళ వేళ్ళు. డొప్పను కుడివైపుకు దొర్లించింది.

"బాగుంది."

మైకు ఆ మాటను గదంతా చల్లింది. గాజు గదుల్లో అనువాదకులు ఒక క్షణం తటపటాయించి, తమ తమ భాషల్లో దాన్నే పలికారు. డొప్ప జెయ్నబూ చేతికి తగిలి ఆగింది. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

లాంబియో ముందు తేరుకున్నాడు. చిన్నగా నవ్వాడు కూడా. "చూశారా, మన కార్మికుల పనితనం! చేతికి పని తప్ప ఇంకోటి తెలియదు. సరే మేడమ్, మీరు తెచ్చుకున్నది చదవండి."

కాగితం ముందుంది. 'నేను తొమ్మిదేళ్ళుగా ఇవే చూస్తున్నాను. ఇది మా ఫ్యాక్టరీదని చెప్పే గుర్తు దీనిమీద లేదు. మా నాలుగు వందల ఇళ్ళలో పొయ్యి ఆర్పకండి.'

నోయెల్లా బొటనవేలు మండుతున్నట్టుంది. అంచు కింద, వెంట్రుక మందాన, గీత. అడుగున అక్షరాలు అరగదీసినవాడికి ఆ గీత సంగతి తెలియదు. వాల్మ్యూజ్‌లో ఆరుగురు ఆడవాళ్ళకీ, ఫోర్‌మన్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. నిరుడు జనవరిలో నాలుగో మిషను దవడ అరిగి, ప్రతి డొప్పకూ ఆ గీత పెట్టింది. నోయెల్లా వాటిని ఎర్ర డబ్బాలో వేసింది. ఫోర్‌మన్ డబ్బా తెచ్చి ఆమె బల్లమీదే బోర్లించాడు. "ఇవి పేలవా? పేలుతాయి. మరి కుడికి పంపు. లేదా శుక్రవారం నీకు కాగితం రాదు." రెండు రాత్రులు ఆమె వాటిని కుడికే పంపింది, ఒక్కొక్కదానికీ బాగుందని చెబుతూ.

"మేడమ్," అన్నాడు లాంబియో. కళ్ళద్దాలు తీసి కాగితం పక్కన పెట్టాడు. సైగ.

"ఇది మాదే," అంది నోయెల్లా.

గదిలో కుర్చీ ఒకటి కిర్రుమంది.

"నాలుగో మిషను. అంచు కింద గీత ఉంది, ఎవరైనా గోరుపెట్టి చూడండి. జనవరిలోది. నేనే పాస్ చేశాను."

లాంబియో చెయ్యి ఆమె మణికట్టు మీదికొచ్చింది, వెచ్చగా, మెత్తగా. "పాపం, రాత్రంతా డ్యూటీ చేసి వచ్చారు. అలసిపోయారు. ఇలాంటి శ్రమజీవుల కోసమే నేను..." అంటూ క్లోతిల్డ్ వైపు చూశాడు. క్లోతిల్డ్ వంగి మైకు మీట మీద వేలు పెట్టబోయింది.

"ఆ వేలు తియ్యమ్మాయ్!" వెనక వరసలోంచి జినెట్ లేచింది. నీలం స్కార్ఫు జారి కిందపడింది. "దానికి నిద్ర లేదు గానీ మతి ఉంది. ఆ గీత నేనూ చూశాను."

క్లోతిల్డ్ వేలు గాల్లోనే ఉండిపోయింది.

"చదవండి నోయెల్లా," అన్నాడు లాంబియో. మొదటిసారి ఆయన గొంతులో అటు ప్రపంచమూ లేదు, ఇటు వాల్మ్యూజూ లేదు. "శుక్రవారం ఎల్లుండే."

"చదవను."

ఆమె మణికట్టు విడిపించుకుంది. కుడివైపు చూడాలంటే భయమేసింది. అయినా చూసింది. జెయ్నబూ కళ్ళు ఆమె మొహం మీద లేవు, వేళ్ళ మీద ఉన్నాయి. ఇందాక తను తిప్పి చూసిన వేళ్ళు, నిమ్మకాయ వాసన వేసే వేళ్ళు. ఆ చూపులో క్షమించడమేమీ కనపడలేదు. నోయెల్లా అడగనూ లేదు. చెయ్యి చాపి, ఆవిడ ముందున్న డొప్పను మెల్లగా తీసుకుంది. జెయ్నబూ తీసుకోనిచ్చింది.

నోయెల్లా ఇంకోసారి బొటనవేలితో గీతను తడిమింది. ఈసారి ఏమీ అనలేదు. డొప్పను ఎడమవైపుకు దొర్లించింది.

అటువైపు ఎర్ర డబ్బా లేదు. అది నున్నటి బల్లమీద సన్నగా మోగుతూ పోయి, లాంబియో కళ్ళద్దాలకు తగిలి ఆగింది. దాన్ని ముట్టుకోవడానికి ఆయన చెయ్యి చాపలేదు. మైకు ఇంకా ఎర్రగా వెలుగుతూనే ఉంది.