అక్క దాచుకున్న తీపి సీసా

దగ్గరికి రండి, ఇంకాస్త ఇటు జరగండి. కూల్‌డ్రింక్ తాగేవాళ్లయినా, తాగొద్దని ఇంట్లో కేకలేసేవాళ్లయినా సరే, ఈ సంగతి వినాల్సిందే.

ఒక వీధి మలుపులో అక్కాచెల్లెళ్లిద్దరు టైలరింగ్ షాపు నడిపేవారు. కత్తిరింపు, మిషను అక్కవి. కాజాలు, బొత్తాలు, ఇస్త్రీ చెల్లెలివి. షుగరు జబ్బుతో వాళ్లమ్మకి ముందు కాలు పోయింది, తర్వాత చూపు పోయింది, చివరికి మనిషే పోయింది. అప్పటికి చెల్లెలు చిన్నపిల్ల. జడలు వెయ్యడం దగ్గర్నుంచి బడికి పంపడం దాకా అన్నీ అక్కే చూసుకుంది. అలాంటి అక్కకీ అదే జబ్బు రావడంతో చెల్లెలికి ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్నట్టయింది. ఇంట్లో చక్కెర డబ్బా మాయం చేసింది. అక్క ఎవరింటికైనా వెళ్లొస్తే, ఏం తిన్నావంటూ నోరు వాసన చూసినంత పని చేసేది. నాకు అత్తగారు లేని లోటు తీర్చడానికే పుట్టావే నువ్వు అని అక్క నవ్వేది.

ఒకరోజు సూదుల కోసం చెల్లెలు అక్క మిషను సొరుగు లాగింది. దారం రీళ్ల వెనకాల చిన్న కూల్‌డ్రింక్ సీసా కనబడింది. మామూలుది, చక్కెర దండిగా ఉండేది. అప్పటికే సగం ఖాళీ.

చెల్లెలి మనసు చివుక్కుమంది. నా ముందు పథ్యం, నా వెనక ఈ పనా అనుకుంది. అప్పుడే అడిగి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. అడిగితే అబద్ధం చెబుతుందనుకుని ఊరుకుంది. కిరాణా కొట్టుకి వెళ్లి అదే రకంలో షుగర్ ఫ్రీ సీసా తెచ్చింది. రెండింట్లోనూ ఒక్కో గుక్క తాగి చూసింది. అదే రంగు, అదే నురగ, రుచిలో తేడా తెలిస్తే ఒట్టు. తీపిదంతా తూములో పారబోసి, ఆ పాత సీసాలోనే కొత్తది సగానికి పోసి, మూత బిగించి ఎక్కడిదక్కడ పెట్టేసింది. తాగితే తాగనీ, ఒంట్లోకి చక్కెర మాత్రం పోదుగా అనుకుని మనసు కుదుటపరచుకుంది.

కానీ అక్క దాన్ని సరదాకి దాచుకోలేదు. ఇన్సులిన్ సూది వేసుకున్న మనిషికి వేళకి తిండి పడకపోతే ఒంట్లో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు వెంటనే తీపిది తాగాలని ఆసుపత్రిలో నర్సు చెప్పింది. ఈ మాట చెల్లెలి చెవిన పడితే ఇక మిషను ముట్టుకోనివ్వదని అక్క భయం. అందుకే చెప్పకుండా దాటేస్తూ వచ్చింది.

బళ్లు తెరిచే రోజులు. యూనిఫాంల హడావుడిలో భోజనం వెనక్కి వెనక్కి పోయింది. కత్తెర పట్టిన అక్క చెయ్యి వణికింది, వీపంతా చెమటలు పట్టాయి. కంగారు పడలేదు. సొరుగు తీసి రెండు గుక్కలు తాగి కళ్లు మూసుకుంది. ఇంతకుముందు అది తనని ఎన్నిసార్లు ఒడ్డున పడెయ్యలేదు! ఈసారి తేరుకోలేదు. మిగిలిందీ తాగేసింది. గుడ్డ మీద సుద్ద గీత రెండుగా కనబడింది. కొలతలివ్వడానికి వచ్చినావిడ ఏదో అడిగితే మరేదో జవాబు చెప్పింది. కత్తెర జారి పాదం పక్కన పడింది. మనిషి ఒరిగిపోతుంటే ఆవిడే పట్టుకుంది. చెల్లెలు ఇస్త్రీపెట్టె వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

పక్కనే మందుల షాపు. ఆ షాపాయన వచ్చి వేలి నుంచి చుక్క రక్తం తీసి చూస్తే షుగరు బాగా పడిపోయి ఉంది. గ్లూకోజు నీళ్లలో కలిపి గుక్క గుక్కగా తాగించాడు. కాసేపటికి అక్క మనుషుల్ని పోల్చుకుంది. మాట రాగానే ఖాళీ సీసా చూపించి, ఇది కల్తీ సరుకు, మొత్తం తాగినా పనిచెయ్యలేదు, కొట్టాయన నా ప్రాణం తీయబోయాడు అంది. కిరాణా కొట్టాయన్ని పిలిపించారు. పోగైనవాళ్లు తలా ఒక మాట అన్నారు. పాపం, ఆయన ముఖం పాలిపోయింది. నా చేత్తో ఏనాడూ కల్తీ అమ్మలేదని, అది వచ్చిన పెట్టెలోదే ఇంకో సీసా తెచ్చి అందరి ముందూ తాగుతానని చెప్పుకున్నాడు.

చెల్లెలు ఇక ఆగలేకపోయింది.

"ఆయన్నేం అనకండి. అందులో షుగర్ ఫ్రీది పోసింది నేనే."

అక్క ఆమె వైపు తిరిగింది.

"పడిపోతే పట్టుకుంటావని నిన్ను పక్కన పెట్టుకున్నానే. కాళ్ల కింద పీట లాగేసింది నువ్వా?"

"దొంగచాటుగా తాగుతున్నావనుకున్నా అక్కా. అమ్మలాగే నువ్వు కూడా..."

"అనుకున్నావు. అడగలేదు."

"నువ్వు మాత్రం చెప్పావా?"

మందుల షాపాయన ఇద్దరి మధ్యా కూర్చున్నాడు.

"చూడండమ్మా, షుగరున్న మనిషి దాహానికో సరదాకో తాగాలంటే చక్కెర లేనిదే నయం. తీపిది తాగితే షుగరు ఎగబాకుతుంది. మంచినీళ్లయితే ఇంకా మేలనుకోండి. కానీ షుగరు పడిపోయినప్పుడు ఆ చక్కెరే మందు, అది లేని డ్రింకు ఎంత తాగినా దండగే. రుచి ఒకటేనని మార్చేస్తే నాలుక నమ్ముతుంది గానీ ఒళ్లు నమ్మదు."

ఆ పూట చెల్లెలు వడ్డిస్తే అక్క తిన్నది. తర్వాత కొత్త సీసా తెమ్మని చెల్లెలికి చెప్పలేదు. తానే వెళ్లి తెచ్చుకుని, మూత సీలు వేలితో తడిమి చూసుకుంది. అది కంటబడి చెల్లెలు గోడ వైపు తిరిగి ఏడ్చింది. అక్క చూసింది, ఓదార్చడానికి మాత్రం చెయ్యి రాలేదు.

ప్రేమతో చేసినా సరే, ఒకరి ఒంట్లోకి పోయేదాన్ని చెప్పకుండా మార్చడం ద్రోహమే. మీ ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్లుంటే, వాళ్లు దాచుకున్న తీపి ఎందుకో ముందు అడగండి. మీరే ఆ మనిషైతే దాచకుండా చెప్పండి. ఈ అక్కాచెల్లెళ్లని గుర్తుపెట్టుకుని, తెలియనివాళ్లు ఎదురైతే మీ నోటితో ఇంకోసారి చెప్పండి.