గోడ మీద మైనస్ రెండు

మైనస్ గుర్తు పడిన ఇంటిని ఈ వానాకాలం దాటకముందే సముద్రం మింగేస్తుందని ఆ పల్లెలో పసివాళ్ళతో సహా అందరూ నమ్మారు.

అది 1963 అక్టోబరు. అల్లూరుకు తూర్పున, అలల హోరు వినబడేంత దూరంలో ఉన్న ఆ పల్లెకు అంతకు ముందు నెలలో సర్వేవాళ్ళు వచ్చారు. మూడు కాళ్ళ దుర్భిణీ నిలిపి, రంగు చారల కర్ర పట్టించి, వీధి పొడుగునా గోడల మీద తారుతో గుర్తులు వేసి వెళ్ళారు. కొన్నిటి మీద ప్లస్, కొన్నిటి మీద మైనస్, పక్కన ఒక అంకె. ఎందుకని అడిగితే "పై ఆఫీసు పని" అన్నారే తప్ప మరో మాట చెప్పలేదు. వాళ్ళు చెప్పనిదాన్ని ఊరే పూరించుకుంది.

దానికి బీజం వేసినవాడు జ్ఞానప్రకాశం మాస్టారే. మిషను బడిలో లెక్కలు చెప్పే ఆయన్ను నలుగురూ వీధిలో నిలేసి అడిగితే, "ప్లస్ అంటే ఎక్కువ, మైనస్ అంటే తక్కువ" అని చెప్పి తన దారిన పోయాడు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ తక్కువ కాస్తా సాయంత్రానికి పల్లమైంది. ఆదివారం ఆరాధన ముగిసి జనం బయటికి వచ్చేసరికి మునకైంది. మాస్టారి గోడ మీద ఉన్నదీ మైనస్సే. మైనస్ రెండు.

ఆ ఇంటికి కూతురు ఏసుమణి తొలి కానుపుకు వచ్చి ఉంది. నెలలు నిండాయి. ఆ మధ్యాహ్నం ఆకాశం నల్లబడుతుండగా కోవూరు నుంచి వియ్యపురాలు ఎలిశబెతు బస్సు దిగి, ఓబులేసు బండి మాట్లాడుకుని వచ్చింది. గడప దాటకుండానే గోడవైపు చూసింది.

"అన్నయ్యగారూ, మీ ఊరి మైనస్ కథ మా కోవూరు దాకా వచ్చింది. మునిగిపొయ్యే కొంపలో నా కోడల్ని ఉంచుతారా? కృపాదానం గారింటికి ప్లస్ మూడు పడిందంట. వచ్చేదారిలో అడిగినాను. గది ఇస్తామన్నారు. బండి ఎక్కించండి."

"నొప్పులు మొదలైనట్టుండాయి చెల్లెమ్మా. ఈ గతుకుల్లో బండి ఎట్టెక్కిస్తాము?"

"సముద్రం వచ్చినాక ఎక్కిస్తారా?"

లోపలి నుంచి ఏసుమణి గొంతు వినబడింది. "నాయనా, పోవాల్నా వద్దా? నువ్వే చెప్పు."

జ్ఞానప్రకాశం గోడ మీది గుర్తు వైపు చూశాడు. దయ్యమన్నా, దిష్టి అన్నా నవ్వి తోసేసే మనిషికి తను అన్న మాటే గుండెల మీద కుంపటైంది. ఉంచితే ఏమవుతుందో, కదిలిస్తే ఏమవుతుందో! తక్కువ సరే, దేనికంటే తక్కువ? బడిలో ఏ పిల్లవాడైనా ఆ మాట రాయకపోతే లెక్క కొట్టేసేవాడు. తను మాత్రం సర్వేవాళ్ళను అడగనే లేదు.

ఇంతలో వాన దబ్బున దిగింది. భార్య కరుణాకుమారి దుప్పట్లు మూట కడుతోంది. ఓబులేసు గోనెపట్టా నెత్తిన కప్పుకుని, "తొందరగా తెమలండయ్యా, ఎద్దులు బెదురుతుండాయి" అని కేకేశాడు.

మాస్టారు గొడుగు తీసుకుని వీధిలోకి దిగాడు. తన చూరు నుంచి పడిన నీళ్ళు మెట్ల దగ్గర నిలవడం లేదు. బండి చక్రాల మధ్య నుంచి, ఎండు తాటాకు ముక్కలను లాక్కుంటూ, పరుగున పోతున్నాయి. వాటి వెంట ఆయనా నడిచాడు. అవి ఆగిన చోటు కృపాదానం వాకిలి. అక్కడ చీలమండలు మునిగే లోతు. కృపాదానం పంచె ఎగ్గట్టి, చేటతో నీళ్ళు ఎత్తిపోస్తున్నాడు.

"రండి మాస్టారూ! మాది ప్లస్ ఇల్లు గదా, నీళ్ళు కూడా ఎక్కువే ఇచ్చినారు!"

మాస్టారికి నవ్వు రాలేదు. వచ్చిన దారినే తిరిగి వచ్చాడు.

"ఓబులేసూ, ఎద్దుల్ని విప్పు."

ఎలిశబెతు నడుము మీద చేయి పెట్టింది. "దుర్భిణీ పెట్టి చూసినోళ్ళకంటే మీకెక్కువ తెలుసునా?"

"వాళ్ళనీ నమ్మొద్దు, నన్నూ నమ్మొద్దు. ఇదిగో గొడుగు. కృపాదానం వాకిట్లో నిలబడి రా. సముద్రమే వచ్చినా ముందు ఆయన ఇల్లు ముంచి, ఆ తర్వాత గదా ఇక్కడికి ఎక్కిరావాల!"

ఆమె వెళ్ళింది. మోకాళ్ళ దాకా తడిసిన చీరతో తిరిగి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, "మంత్రసాని మస్తానమ్మకు కబురు పెట్టండి" అంది.

దీపాలు పెట్టే వేళకు ఏసుమణికి ఆడపిల్ల పుట్టింది. వాకిట్లో చుక్క నీరు నిలవలేదు. అయినా జ్ఞానప్రకాశానికి స్తిమితం చిక్కలేదు. హోరు పెరిగినప్పుడల్లా తూర్పుకు చెవి ఒగ్గాడు. నీళ్ళ సాక్ష్యం నిజమే. మరి ఆ రెండు దేనికి రెండు?

వానలు వెనకపట్టాక ఆ పై ఆఫీసు నుంచి ఓవర్సీరు పద్మనాభయ్య కూలీలతో వచ్చాడు. కుశలం కూడా అడగకుండా మాస్టారు ఆయన్ను గోడ దగ్గరికి తీసుకుపోయాడు.

"ఇది దేనికంటే తక్కువ సార్?"

"తక్కువ కాదే!" అన్నాడు పద్మనాభయ్య వింతగా చూస్తూ. "కొత్త రోడ్డు మట్టం మాకు సున్న. ప్లస్ మూడంటే, రోడ్డు ఆ మట్టానికి రావడానికి ఆ ఇంటి ముందు మూడడుగుల మన్ను పోయాలి. మైనస్ రెండంటే, మీ ఇంటి ముందు నేల రోడ్డు మట్టం కంటే రెండడుగులు ఎత్తు. ఆ మన్ను తీసెయ్యాలి."