కాగిన గొట్టాల మాట

పొద్దున ఏడు కాకముందే ఓపల్ హడ్స్‌పెత్ షెడ్డు తలుపులు తీసేది. గ్యాసు సిలిండర్ల చుట్టూ చేరిన దుమ్ము ఊడ్చి, స్టవ్వు మీద టీ కాచి, గాజు కూజాలో పోసి చల్లారబెట్టేది. ఆ టీ తాగడానికి కాదు. వెల్డింగు చేసేంతసేపూ నోట్లో ఒక గుక్క పట్టి ఉంచుకోవడానికి. శాన్ బెర్నార్డినోలో కార్లకు పొగగొట్టాలు చేసేవాళ్ళందరూ ఏదో ఒకటి నోట్లో పెట్టుకున్నాకే పనికి దిగుతారు. ఒకాయన అగ్గిపుల్ల కొరుకుతాడు, ఇంకొకాయన నిమ్మబిళ్ళ చప్పరిస్తాడు. ఎర్రగా కాలిన గొట్టం దగ్గర ఏం మాట్లాడితే ఆ మాట గొట్టంలో ఉండిపోతుంది కదా మరి. ఇంజను బాగా కాగాక అదే మాట, అదే గొంతుతో బయటికి వస్తుంది.

బార్‌స్టోలో ఒక మంగలి కారు ఎత్తు ఎక్కినప్పుడల్లా "ఉల్లిపాయ వద్దు, మాంసం ఎక్కువ వెయ్యి" అంటుంది. దాని గొట్టాలు చేసినవాడికి మధ్యాహ్నం ఆకలి ఎక్కువ. ఫొంటానాలో పాస్టరు గారి బండి చేసినవాడికి వేలు కాలింది. అప్పుడు వాడు ఏమన్నాడో ఇక్కడ రాయను గానీ, ఆ రోజు నుంచి పాస్టరు గారు ఆదివారాలు చర్చికి నడిచే వెళ్తున్నారు. ఇందులో వింత ఏముంది? నోరు జారినవాడిది తప్పు, ఇనుముది కాదు.

ఓపల్‌కి ముప్పై నాలుగేళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఓడల కార్ఖానాలో వెల్డింగు నేర్చుకుంది. యుద్ధం అయిపోగానే ఆడవాళ్ళని ఇళ్ళకి పొమ్మన్నారు. ఆమె ఇంటికి పోకుండా నాన్న షెడ్డుకి వచ్చింది. నాన్న పోయే ముందు తన రేసు బండి తాళం కొడుకు చేతిలో పెట్టాడు, రెంచీలు కూతురి చేతిలో పెట్టాడు. అది ముప్పై రెండో సంవత్సరపు ఫోర్డు, టాపు లేనిది. అందులో పాత ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఊళ్ళో కుర్రకారంతా కొత్త ఇంజన్లకి మారిపోయినా ఈ అక్కాతమ్ముళ్ళు దాన్ని వదల్లేదు.

తమ్ముడు వర్జిల్‌కి ఇరవై ఏడు. కిందటేడాది ఎల్ మిరాజ్ ఎండు సరస్సు మీద పరుగు పెడుతుంటే బండి రెండు పల్టీలు కొట్టింది. మనిషికి దెబ్బలు తగిలింది తక్కువ, బండికి ఎక్కువ. ఏడాది పాటు బాగు చేసి, ఇప్పుడు చివరిగా పొగగొట్టాలు మిగిలాయి. అక్టోబరు ఆఖరి ఆదివారం ఈ ఏటికి ఆఖరి పందెం. ఏడాదిలో ఒక్కసారి కూడా పరిగెత్తని బండిని రేసు క్లబ్బు జాబితాలోంచి తీసేస్తారు. తీసేస్తే మళ్ళీ ఎక్కించుకోరు, కొత్త ఇంజన్లవాళ్ళే వరసలో బారులు తీరి ఉన్నారు. ఓపల్ ఈ జన్మకి కోరుకున్నది ఏదైనా ఉంటే అది ఆ సరస్సే. అయినా క్లబ్బు రూలు ప్రకారం ఆడవాళ్ళు స్టీరింగు పట్టకూడదు. గొట్టాలు చేయొచ్చు, శాండ్‌విచ్‌లు తేవచ్చు, చప్పట్లు కొట్టొచ్చు.

ఆ వారమంతా కొండల మీంచి సాంటా ఆనా అనే ఎడారి వేడిగాలి. ఆ గాలి వీస్తే ఊళ్ళో కుక్కలు కూడా కుదురుగా పడుకోవు. వర్జిల్ కాలుగాలిన పిల్లిలా షెడ్డులోకీ బయటికీ తిరిగాడు. కూర్చుంటే మోకాలు ఆడుతుంది, లేస్తే చేతులు ఆడతాయి. "ఒరే, నా గొట్టాలు వంకరపోతే నీ కాళ్ళు పట్టుకుని వంచుతాను, ఒకచోట నిలబడు" అంది ఓపల్. నవ్వాడు గానీ నిలబడలేదు. ఆమెకీ లోపల అదే గాలి. కాకపోతే చేతుల్లో పని ఉంది కాబట్టి బయటికి కనపడలేదు.

ఆ పాత ఇంజనుకి పొగ పోవడానికి పక్కకి మూడేసి కన్నాలు. మధ్య కన్నం రెండు సిలిండర్లకి ఉమ్మడి, కాబట్టి దాని గొట్టం లావుగా ఉండాలి. గొట్టంలో పొడి ఇసుక దట్టించి, రెండు చివరలా బిరడాలు కొట్టి, కాల్చి వంచాలి. లేకపోతే మలుపు దగ్గర నలిగిపోతుంది. అడుగున కట్టే పలకని పగిలిన పాత ఇంజను దిమ్మకి బిగించి మరీ వెల్డింగు చేయాలి, లేకపోతే వేడికి పలక ఒంగుతుంది. కుడివైపు సులువు. ఎడమవైపే తలనొప్పి. అక్కడ స్టీరింగు పెట్టె అడ్డం, మూడు గొట్టాలూ దాని చుట్టూ ఇరుక్కుని తిరగాలి. అందుకే ఎడమవైపు ఓపల్ తానే పట్టింది.

శుక్రవారం పొద్దున ఎడమవైపు ఆఖరి అతుకు. నోట్లో టీ, చేతిలో మంట, కంటికి నల్లద్దాలు. వర్జిల్ పన్నెండోసారి లోపలికి వచ్చి, బండి సీటు వైపు చూసి, మళ్ళీ వెళ్ళిపోయాడు. తలుపు సందుల్లోంచి గాలి కొట్టి మంట ఊగింది. ఓపల్‌కి గొంతు ఎండి గరగరలాడింది. తనకి తెలియకుండానే టీ మింగేసింది. తెలిసేలోపే మాట కూడా వచ్చేసింది.

"ఈ బండి నడపాల్సింది నేను."

మంట ఆర్పి, ఎర్రని అతుకు నల్లబడేదాకా చూస్తూ కూర్చుంది. పదమూడేళ్ళు నోరు కట్టుకున్న మనిషి ఒక్క గుక్క టీ మింగి పరువు పోగొట్టుకుంది. కోసి మళ్ళీ చేద్దామంటే షెడ్డులో జానెడు గొట్టం లేదు. లాస్ ఏంజెలెస్ నుంచి కొత్తది మంగళవారానికి గానీ రాదు. ఇంజను కాగకుండా ఉంటే మాట రాదు గానీ, కాగని ఇంజనుతో పందెం ఎవరు నడుపుతారు? ఆదివారం ఊరి మగాళ్ళందరి ముందూ తమ్ముడి పక్కనుంచి ఆ మాట రావడం ఊహించుకుంటే ఆమెకి సిగ్గుతో చెవులు కాలాయి. ఏడాదిగా పందెం మొహం చూడని పిల్లాడు. పరుగు పెట్టే ముందు అక్క నోటి నుంచి వినాల్సిన మాటా అది?

మధ్యాహ్నం ఆమె గొట్టాలకీ ఇంజనుకీ మధ్య పెట్టే ప్యాకింగులు తేవడానికి బజారుకి వెళ్తూ కుడివైపు అతుకులు వర్జిల్‌ని పూర్తి చేయమంది. తిరిగొచ్చేసరికి పని అయిపోయింది. అతుకులు కాస్త ముద్దగా ఉన్నా గట్టిగానే ఉన్నాయి. వర్జిల్ చేతులు కడుక్కుంటూ తల ఎత్తలేదు. శనివారం అన్నీ బిగించి ఇంజను తిప్పారు. అది గుడగుడమని గొంతు సవరించుకుంటుండగానే ఇద్దరూ ఒకేసారి ఆపేద్దామని స్విచ్చి మీద చెయ్యి వేశారు. ప్యాకింగులు కాలిపోతాయేమోనని ఓపల్ అంది. అవునవునని వర్జిల్ అన్నాడు.

ఆదివారం ఎండు సరస్సు మీద తెల్లటి మట్టి పలకలు పలకలుగా పగిలి ఉంది. పాతిక బండ్లు వరసలో ఉన్నాయి, ఒక్కొక్కటే గడియారంతో పందెం వేసుకుని పరిగెత్తాలి. జెండా ఊపేది హోబర్ట్ ప్రూయిట్ అనే పెద్దాయన, ఒకప్పుడు రైలు నడిపినవాడు. వీళ్ళ వంతు దగ్గరపడింది. వెనకనుంచి ట్రక్కు తోస్తే ఇంజను అందుకుంది. వర్జిల్ హెల్మెట్ పెట్టుకుని ఎడమచేత్తో స్టీరింగు పట్టుకున్నాడు. ఓపల్ కావాలనే కుడివైపుకి వెళ్ళింది. తన మాట తాను వినే ధైర్యం లేక, పలక దగ్గర పొగ కారుతోందేమో చూస్తున్నట్టు వంగింది.

ఇంజను కాగింది. కుడివైపు గొట్టాల్లోంచి వచ్చింది ఓపల్ గొంతు కాదు. వర్జిల్ గొంతు, చిన్నప్పుడు ఉరుములు వస్తే ఆమె దుప్పట్లో దూరినప్పటి గొంతు.

"అక్కా, నాకు భయమేస్తోంది. నేను ఎక్కలేను."

మళ్ళీ అదే. ప్రతి రెండు క్షణాలకీ అదే. ఓపల్ వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. ఏడాదిగా పక్కనే తిరుగుతున్నవాడి భయం తనకి ఎందుకు కనపడలేదో ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడుపొచ్చింది. పిల్లాడు కుదురుగా లేడని కసురుకుంది తప్ప, ఎందుకు లేడని ఒక్కసారి అడగలేదు. తల ఎత్తి చూస్తే వర్జిల్ ఎడమవైపుకి చెవి ఒగ్గి ఉన్నాడు. అతను ఏం వింటున్నాడో ఆమెకి తెలుసు. వరసలో ఉన్న మగాళ్ళంతా తమ బూట్లు చూసుకున్నారు. ఒకరి గొట్టం మాట్లాడుతుంటే ఇంకొకరు కిందికి చూడటం అక్కడి మర్యాద.

"ఎప్పట్నుంచి?" అన్నాడు వర్జిల్.

"నాన్న తాళం నీకిచ్చిన రోజు నుంచి. నీకు?"

"పల్టీ కొట్టినప్పట్నుంచి. నాకు కల్లో కూడా ఆకాశం కిందా నేల పైనా ఉంటాయి. నీకు చెప్తే ఇంత కష్టపడి చేసిన బండి పాడుబెట్టినట్టవుతుందని..."

"వెధవా, బండి పోతే ఇంకోటి చేస్తాను. నిన్ను ఎక్కణ్ణుంచి చేసుకురాను?"

ప్రూయిట్ మెల్లిగా వచ్చి, డాక్టరు ఛాతీ చూసినట్టు ముందు కుడివైపు విన్నాడు. చుట్టూ తిరిగి ఎడమవైపు విన్నాడు. చేతిలో ఉన్న క్లబ్బు రూల్సు కాగితం చూశాడు.

"అమ్మాయ్, ఆడవాళ్ళు నడపకూడదని రూలుంది. నేను పెట్టింది కాదు, కానీ ఉంది. గాలి ఎంతుందో చూసొస్తాను. ముసలికాళ్ళు, ఐదు నిమిషాలు పడుతుంది. వచ్చేసరికి సీట్లో ఎవరున్నా నాకు హెల్మెట్ ఒక్కటే కనపడుతుంది."

వర్జిల్ దిగాడు. హెల్మెట్ తీసి అక్క తలకి పెట్టి, గడ్డం కింద పట్టీ తానే బిగించాడు. అతని పాదాలు మట్టి మీద ఆనగానే కుడివైపు గొట్టాలు మాట మానేశాయి. మామూలు ఇంజను చప్పుడు మాత్రం మిగిలింది. ఎడమవైపు ఇంకా అంటూనే ఉంది. ఓపల్ సీట్లో కూర్చుంటే ఆ మాట సరిగ్గా చెవి పక్కనే ఉంది. తన గొంతు అంత కోపంగా ఉంటుందని ఆమెకి అంతవరకూ తెలియదు.

జెండా ఊగింది. మొదటి గేరులో చక్రాలు మట్టి చిమ్మాయి, రెండోదానిలో పట్టు దొరికింది. స్టీరింగు చేతుల్లో వణికింది. భయం లేదని చెప్పడం అబద్ధం. ఉంది, చాలా ఉంది. దాంతోపాటే ఇంకేదో కూడా ఉంది, దానికి ఆమె పేరు వెతుక్కోలేదు. సగం దూరంలో ఎప్పుడో ఎడమవైపు కూడా మాట ఆగిపోయింది. అవతలి చివర బండి నెమ్మదించి ఆగాక గానీ ఆమె అది గమనించలేదు. చెవి పెట్టి వింది. ఇంజను తప్ప ఏమీ లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంకెక్కడికో పోవాలనే తొందర ఒంట్లో ఎక్కడా లేదు.

కాసేపటికి వర్జిల్ ట్రక్కు వేసుకుని వచ్చాడు. గంటకి నూట ఇరవై ఎనిమిది మైళ్ళు అని చెప్పాడు. బండి క్లబ్బులోనే ఉంటుందన్నాడు. బండి పరిగెత్తిన మాట నిజం కాబట్టి నంబరూ వేగమూ జాబితాకి ఎక్కించాడట ప్రూయిట్.

"నడిపిందెవరని రాశాడు?" అంది ఓపల్.

"హడ్స్‌పెత్ అని రాసి ఊరుకోబోయాడు. ఎవరో ఒక హడ్స్‌పెత్, ఎవరికీ గొడవుండదు కదా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఓపల్ అని పూర్తిగా రాయి, రూలు ప్రకారం కొట్టెయ్యాలంటే రాశాక కొట్టెయ్యి అన్నాను."

"కొట్టేశాడా?"

"కొట్టేశాడు," అన్నాడు వర్జిల్. "పెన్సిల్‌తో. చదవడానికి వస్తోంది."