ఎడిత్ వాళ్ల ఇల్లు

కొత్త ఇల్లంటే పిల్లలకు సంబరమని ఎవరన్నారో గానీ, వాళ్లను తెచ్చి ఈషా ముందు నిలబెట్టాలి. జర్మన్ నగరమైన లైప్‌జిగ్‌లో ఆ మూడో అంతస్తు ఇంటికి వచ్చి నెల దాటింది. ఎనిమిదేళ్ల ఆ పిల్ల ఇంతవరకూ ఒక్క గదిలోనూ ఒంటరిగా కూర్చోలేదు. బాత్రూంకి వెళ్లినా తలుపు తీసే ఉంచేది. అంతకుముందు ష్వైన్‌ఫర్ట్‌లో ఇరుకు ఫ్లాట్‌లో ఉన్నప్పుడు ఈ రోగమేమీ లేదు.

"గీ ఇల్లు దొర్కనీకి ఐదు నెలలు తిరిగినం. ముప్పై ఇండ్లు జూసినం. నీకేం తక్కువైందే ఈడ?" అని తల్లి ఉదయశ్రీ కసిరేది. సిద్దిపేట మనిషి. నోరు పెద్దది, గుండె చిన్నది. పరాయి ఊళ్లో ఆ చిన్న గుండెను కప్పుకోవడానికే ఆ పెద్ద నోరు.

నిజానికి ఈషాకు తక్కువైంది ఏమీ లేదు, ఎక్కువైందే ఉంది. వీధి తలుపు ముందు కాలిబాటలో నాలుగు ఇత్తడి పలకలు పొదిగి ఉన్నాయి. ఒక్కోటి అరచేయంత ఉంటుంది. ఒకప్పుడు ఆ ఇంట్లో బతికి, నాజీల చేతుల్లో చచ్చిపోయిన యూదుల పేర్లు వాటి మీద చెక్కారు. అక్షరాల మీద కాలు పెట్టకూడదని ఇంట్లో నేర్పిన పిల్ల కాబట్టి, ఈషా రోజూ వాటి మీదుగా గెంతి లోపలికి వచ్చేది.

నవంబరులో టీచర్ క్లాసు పిల్లలందరికీ తలా ఒక గుడ్డముక్క ఇచ్చి, పలకలు తోమడానికి సరిగ్గా ఆ తలుపు దగ్గరికే తీసుకొచ్చింది. ఈషాకు దక్కిన పలక మీద ఎడిత్ వోల్ఫ్‌సోన్ అని ఉంది. పుట్టింది 1933లో. 1942 జనవరిలో రీగా అనే ఊరికి తోలుకుపోయి చంపేశారు. ఈషా వేళ్ల మీద లెక్కపెట్టింది. తన వయసే.

కింది అంతస్తులో ఉండే లిండ్నర్ ఓమా కూడా చేతికర్ర ఊతంతో వచ్చి తోముతోంది. ఓమా అంటే అక్కడ అమ్మమ్మ, ఆ వీధి పిల్లలందరికీ ఆమే అమ్మమ్మ. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన మనిషి, ఇప్పుడు ఎనభై నడుస్తోంది. ఎడిత్ ఏ అంతస్తులో ఉండేదని ఈషా అడిగితే ముసలామె దాచలేదు.

"మూడో అంతస్తు. మా అమ్మ చెప్పింది. పొద్దున ఏడింటికి వచ్చారట. వాళ్ల నాన్న మొహాన్ని మెట్ల కమ్మీకేసి కొట్టారట, పళ్లు కింద దాకా దొర్లాయట. ఎడిత్‌ను జడ పట్టుకుని మూడు అంతస్తులూ ఈడ్చారు."

"మరి మిగతావాళ్లు ఎక్కడికెళ్లారు?"

"ఎక్కడికీ వెళ్లలేదు. అందరూ ఇళ్లలోనే ఉన్నారు. మా అమ్మతో సహా. ఒక్కరూ తలుపు తీయలేదు."

తలుపులు తర్వాత తెరిచారులెండి. మధ్యాహ్నానికల్లా కుర్చీలూ, గడియారం, దుప్పట్లూ తలో ఇంట్లోకి చేరిపోయాయి. అందరూ శ్రీవైష్ణవులేనట, బుట్టెడు రొయ్యలు ఏమయ్యాయో మరి! ఆ సిగ్గుతోనే లిండ్నర్ ఓమా ఏటా వంగలేని నడుముతో వంగి ఆ పలకలు తోముతుంది.

ఆ రోజు నుంచి ఈషాకు జడంటే భయం పట్టుకుంది. తల దువ్వనివ్వలేదు. మెట్ల మీద బూట్ల చప్పుడైతే చాలు, వచ్చి తల్లి కొంగు పట్టుకునేది.

"అమ్మా, మనల్ని గూడ తీస్కపోతరా?"

"ఛీ, నోరు ముయ్యి. ఎందుకు తీస్కపోతరు? మనకు వీసా ఉన్నది, కాయితాలున్నయి."

"ఎడిత్ వాళ్లకు జర్మన్ పాస్‌పోర్టే ఉండె అమ్మా."

ఉదయశ్రీ పోయి స్టవ్ మీద పప్పు కలిపింది.

ఆ ఇంట్లో ఆమెకున్న ధైర్యమల్లా రెండో అంతస్తు మార్కో. ఇల్లు మారిన రోజు వాషింగ్ మెషీన్‌ను ఒక్కడే వీపు మీద మోసుకొచ్చాడు. గారెలు పంపిస్తే ప్లేటు కడిగి మరీ తిరిగిచ్చాడు. "బంగారమసొంటి మనిషి" అని ఆమె సిద్దిపేట దాకా ఫోన్లు చేసి చెప్పుకుంది.

ఒక బుధవారం మధ్యాహ్నం ఈషా బడి నుంచి వచ్చేసరికి ఆ బంగారం మోకాళ్ల మీద కూర్చుని, ఉలీ సుత్తీ పట్టుకుని ఎడిత్ పలకను పెకలిస్తున్నాడు. మిగతా మూడూ అప్పటికే బకెట్‌లో పడి ఉన్నాయి. ఈషా సైకిళ్ల వెనక ఆగిపోయింది. అంతలో లిండ్నర్ ఓమా బయటికి వచ్చింది.

"సిగ్గులేదా మార్కో? ఇప్పుడే పోలీసుల్ని పిలుస్తాను."

"చచ్చినోళ్లను దాటుకుంటూ ఎన్నాళ్లు రావాలి నా ఇంటికి? లోపలికి పో, ముసలిదానా."

ఆమె పోలేదు. కర్ర పక్కన పడేసి, ఎలాగో వంగి, పలక మీద అరచేయి ఆనించింది. మార్కో ఆ చేతి మీదే సుత్తి దించాడు. ఆమె అరవబోతే భుజాలు పట్టి వెనక్కి తోశాడు. తల రాతిమెట్టుకు తగిలింది. కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వచ్చింది. తెల్ల జుట్టు కింద నుంచి నెత్తురు పాకి, పలక పీకిన గుంటలోకి దిగింది.

ఈషా గొంతులోంచి సన్నటి కూత వచ్చింది. అంతే, వాడు తిరిగి చూశాడు. నవ్వుతూనే దగ్గరికి వచ్చాడు, వాషింగ్ మెషీన్ రోజు నవ్విన నవ్వే.

"నువ్వేం చూడలేదు కదా?"

వాడు పిల్ల కుడిచెయ్యి తీసుకుని, నాలుగు వేళ్లూ వీధి తలుపు సందులో పెట్టి, తలుపును భుజంతో నెమ్మదిగా నెట్టాడు. రెండో చేత్తో నోరు మూశాడు. వేలి ఎముక పటుక్కుమన్నాక గానీ ఆపలేదు. "మీ అమ్మ మంచిది," అన్నాడు చెవిలో. "మీ అమ్మ వేళ్లు కూడా సన్నవే." తర్వాత బకెట్ దాచేసి, అంబులెన్సుకు తనే ఫోన్ చేశాడు, పాపం పెద్దావిడ జారిపడిందని.

చూశారా ఎంత పెద్దమనిషో!

ఈషా ఇంటికెళ్లి అంతా చెప్పింది. ఉదయశ్రీ గుండెలు బాదుకుంది, వేళ్లకు కట్టు కట్టించింది, స్టుట్‌గార్ట్‌లో ఆఫీసు పని మీద ఉన్న మొగుడికి ఫోన్ చేసింది.

"నేను ఎల్లుండి గానీ రాలేను. అప్పటిదాకా ఎవ్వరికీ ఏం చెప్పకుండ్రి. వాడు కిందనే ఉంటడు, మీరిద్దరే ఉంటరు," అన్నాడు రవికిరణ్. "ముసలామె లేస్తే ఆమెనే చెప్తది. మనమెందుకు కొరివితో తల గోక్కునుడు?"

మర్నాడు ఉదయం పదింటికి పోలీసులు ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చారు. తలుపు దగ్గర నెరిసిన మీసాల ఆఫీసర్ ఒక్కడే. ఆయనతో వచ్చిన పోలీసమ్మాయి కింది అంతస్తులో వేరేవాళ్లతో మాట్లాడుతోంది. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఉదయశ్రీకి వచ్చిన జర్మన్ రొట్టెల కొట్టు వరకే. ఆఫీసుల్లో అపాయింట్‌మెంటైనా, డాక్టరైనా, ఈ దేశంలో తల్లికి నోరు ఈషానే. అందుకని ఇద్దరి మధ్యా నిలబడింది. సగం అంతస్తు కింద మెట్ల మలుపులో కాఫీ కప్పు పట్టుకుని మార్కో కమ్మీకి ఆనుకుని ఉన్నాడు.

"లిండ్నర్ గారికి ఇంకా స్పృహ రాలేదు. జారిపడ్డారని ఫోన్ చేసినతను చెబుతున్నాడు. మీ అమ్మగారు ఏమైనా చూశారా?"

ఈషా తెలుగులో చెప్పింది.

"ఏం జూడలేదని చెప్పు," అంది ఉదయశ్రీ, కళ్లు మెట్ల వైపు తిప్పకుండా.

"అమ్మ ఏమీ చూడలేదట." అది అబద్ధం కూడా కాదు.

"నీ చేతికేమైంది?"

"తలుపు సందుల పడ్డదని చెప్పు బిడ్డా."

"తలుపు సందులో పడింది."

ఆఫీసర్ తల ఊపాడు. పుస్తకం మూశాడు, పెన్ను జేబులో పెట్టాడు. మార్కో కాఫీ గుటక వేశాడు. ఈషా ఆఫీసర్ జేబు వైపు చూసింది. ఈయన ఈ మెట్లు దిగాడంటే లిండ్నర్ ఓమా జారిపడినట్టే. ఆమె ఆసుపత్రిలో చచ్చిపోయినా జారిపడే చచ్చిపోతుంది. నిన్న ఆమె పలక మీద చేయి పెట్టినప్పుడు తను సైకిళ్ల వెనకే ఉంది.

"పడలేదు," అంది జర్మన్‌లో. "నా వేళ్లు మార్కో పెట్టాడు."

ఆ మాటల్లో మార్కో అన్న పేరొక్కటే ఉదయశ్రీకి అర్థమైంది. అది చాలు. ఆమె చెయ్యి లేచి ఈషా చెంప ఛెళ్లుమంది. ఈ పిల్ల మీద ఏనాడూ లేవని చెయ్యి అది. ఈషా తలుపుకు కొట్టుకుని నిలదొక్కుకుంది. ఆఫీసర్ చటుక్కున తల్లి మణికట్టు పట్టుకుని గద్దించాడు. పుస్తకం మూసి వెళ్లిపోబోయిన మనిషి ఇప్పుడు గడప దాటి లోపలికి వచ్చాడు.

"అమ్మను వదలండి," ఈషా ఏడుస్తూ అంది. "భయపడి కొట్టింది."

"ఎవరికి భయపడి?"

ఈషా కట్టు కట్టిన చేత్తో చూపించింది.

కప్పు భళ్లున పగిలింది. మార్కో మూడేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కి వచ్చాడు. పిల్ల మొహం మీదికి విసిరిన పిడికిలి, మధ్యకు దూకిన ఉదయశ్రీ నోటి మీద పడింది. ఆమె కింద పడింది గానీ వాడి ముంజేయి వదల్లేదు, పళ్లతో పట్టుకుంది. వాడు రెండో చేత్తో ఆమె తల మీద గుద్దాడు, మళ్లీ గుద్దాడు. ఆఫీసర్ వాడి మెడ పట్టి నేలకు అదిమాడు, కింద నుంచి పరుగెత్తుకొచ్చిన పోలీసమ్మాయి సంకెళ్లు వేసింది. అప్పుడు గానీ ఉదయశ్రీ నోరు తెరవలేదు. తెరిస్తే ముందుపన్ను ఒకటి లేదు.

వాడిని కిందికి లాక్కుపోయారు. పక్కవాటా తలుపు ఒకటి కొంచెం తెరుచుకుంది.

ఉదయశ్రీ గోడకు జారగిలబడి, నెత్తురు ఉమ్మి, కూతురి చెంప మీద తేలిన తన వేళ్ల గుర్తులు చూసి గొల్లున ఏడ్చింది. ఆఫీసర్ ఆమె పక్కనే నేల మీద కూర్చుని పుస్తకం తెరిచాడు. లిండ్నర్ గారికి నిన్న ఏం జరిగిందో చెప్పమని ఈషాను అడిగాడు. ఈషా అలవాటు కొద్దీ తల్లి మొహంలోకి చూసింది, ఏం చెప్పమంటుందోనని.

"నా దిక్కు జూడకు బిడ్డా," అంది ఉదయశ్రీ. "ఆయన దిక్కు జూసి చెప్పు. నువ్వు జూసిందే చెప్పు."