పిట్టకు పెట్టే చేప

జ్వరమని పడుకున్న హేమలత వదిన మళ్లీ లేవలేదు. ఐదో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనది వండి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు.

వదిన కోరిక మా వాడకట్టంతా ఎరిగినదే. మా అన్న చంద్రమౌళి బట్ట నేసే సాంచాలు బంద్ ఉన్నప్పుడల్లా గాలం పట్టుకుని మానేరుకు పోయేవాడు, వచ్చేటప్పుడు సిరిసిల్ల బజార్లో చేప కొనుక్కొచ్చేవాడు. "నువ్వు పట్టింది ఒక్కసారన్న తినిపియ్యి" అని వదిన నవ్వేది.

రేపు పిట్టకు పెట్టాలనగా అన్న పొద్దున్నే మానేరు ఒడ్డున కూర్చుని నైలాన్ దారానికి గాలాలు కట్టసాగాడు. ఆ మనిషిని నీళ్ల దగ్గర ఒంటరిగా వదలడానికి ధైర్యం చాలక నేనూ వెంట పోయాను.

"కొందాం తియ్యన్నా" అన్నాను.

"గిప్పుడు గూడ కొన్నదేనా, చెల్లె?"

అన్న వేళ్ల వైపు చూశాను. చిన్నప్పటి నుంచి సాంచా మీద తెగిన పోగులు అతికిన వేళ్లు అవి. గాలానికీ అదే ముడి వేస్తున్నాయి. నూలుకు నూగుంటుంది, పోగును పోగు పట్టుకుంటుంది. నైలాన్ నున్నగా ఉంటుంది.

"అన్నా, గా ముడి జారుతది. ఇంకో రెండు చుట్లు తిప్పి కట్టు."

"నా ముడి ఎన్నడన్న జారిందా?" అని కసిరాడు. నాకూ ఒళ్లు మండింది. కానీ పుట్టెడు దుఃఖంలో ఉన్నవాడితో వాదమేమిటని ఊరుకున్నాను.

మధ్యాహ్నం దారం గుంజుకుంది. పెద్ద రవ్వ చేప. ఒడ్డు దాకా వచ్చింది, దాని తెల్లటి పొట్ట ఇద్దరం చూశాం. అంతలో దారం తేలికైంది. కొసన గాలం లేదు. అన్న నా మొహం చూడలేదు. మిగిలిన గాలాలు విప్పి, నేను చెప్పినట్టు మళ్లీ కట్టాడు. పొద్దుగూకే దాకా కూర్చున్నా ఇంకొకటి పడలేదు.

తెల్లారి విస్తట్లో అన్నం, పప్పు, కోడిగుడ్డు పెట్టాం. కాకి రాదనే అనుకున్నాను. వదిన స్థానంలో నేనుంటే రాను. అన్న చేతులు జోడించి నిలబడ్డాడు. మేం ఇలా పక్కకు జరిగామో లేదో కాకి దిగి పప్పన్నం ముట్టింది.

"పిల్లకు ఏ కొరతా లేదు, సంతోషంగ పోయింది" అని చుట్టాలు ఊపిరి పీల్చుకున్నారు. అన్న మాత్రం అక్కడే కూలబడ్డాడు.

"గింతకే అచ్చినవా, హేమా!" అని భోరుమన్నాడు. "గిప్పుడన్న నా మీద ఒక్కసారి అలుగరాదా!"