రంగం గంగాధరప్ప లైసెన్సు

సాయంత్రం నాలుగైతాందంటే ముదిగుబ్బలో ఆ వీధి ఆడోళ్ళంతా బిందెలెత్తుకోని గంగాధరప్ప ఇంటి ముందరికి వచ్చేస్తారు. ఆయప్ప యాడున్నా, ఏ పనిలో ఉన్నా వచ్చి వాకిట్లో నులకమంచం మీద కూచుంటాడు. చుట్టూ బిందెలు, కడవలు, తపేలాలు పెడతారు. నాలుగు కొడతానే ఆయప్ప నెత్తిన వాన మొదలైతాది. రెండు మంచాలు పక్కపక్కన వేస్తే ఎంత మేరో అంతే. అరగంట పడి నిలిచిపోతాది. ఆనక ఎవరి బిందె వాళ్ళెత్తుకోని పోతారు, ఆయప్ప తువ్వాలతో తల తుడుచుకుంటాడు.

ఇది డెబ్బై నాలుగులో మాట. వీధి బాయి ఎండిపోయి అప్పటికి రెండేండ్లు. నీళ్ళు కావాలంటే వంక దాటి మైలున్నర నడవాల. చంకలో బిందె, నెత్తిన బిందె, కాళ్ళ కింద గులకరాళ్ళు. అట్లాంటి వీధికి దినామూ అరగంట వాన.

గంగాధరప్ప పుట్టింది రంగంలో, అదే రంగూన్‌లో. వాళ్ళ నాయన ఒకప్పుడు ఈ ఊరి కరువుకు తాళలేక ఓడెక్కి బర్మాకు పోయి, రంగంలో బియ్యం మిల్లులో మూటలు మోసినాడు. కొడుకు అదే మిల్లుకు లారీ డ్రైవరైనాడు. ఇరవై ఏండ్లు తోలినాడు. ఆడ మనోళ్ళకు బతుకు జరక్కపోయేసరికి పెండ్లాం అంజనమ్మను పిలుచుకోని మద్రాసులో ఓడ దిగి, రైలెక్కి ముదిగుబ్బకు వచ్చినాడు. నాయన ఊరే గానీ ఆయప్పకు ఇది కొత్త దేశమే. అట్ల తిరిగొచ్చినోళ్ళు ఒకరు టేకు పెట్టె తెచ్చుకున్నారు, ఒకరు కుట్టు మిషను తెచ్చుకున్నారు. గంగాధరప్ప వెనకాల రంగం వాన వచ్చింది. దాని గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడలా. "మేమూ ఒక బిందె పెట్టుకోవచ్చునా అన్నా?" అని అడిగినారు. "దానికేం, పెట్టుకోండి" అన్నాడు. అంతే.

వానకు దిగులు లేదు గానీ కూటికి ఉండాది. ఆయప్పకు వచ్చిన పని ఒక్కటే, లారీ తోలడం. అంజనమ్మ రోడ్డు పనిలో కంకర కొడతాంది. ఆయమ్మ చేతులు చూసి గంగాధరప్ప అన్నం ముందర కూచోని కూడా కలపకుండా ఉండిపోతాడు.

చెనక్కాయల మిల్లు వెంకటేశులుకు డ్రైవరు కావాల. పిలిపించి, "లైసెన్సు తెచ్చుకో గంగాధరప్పా, తాళం నీ చేతిలో పెడతా. వినాయక చవితి దాకా చూస్తా. ఆ పైన అయితే ఇంకొకర్ని పెట్టుకుంటా, మళ్ళా ఏమనుకోవద్దు" అన్నాడు.

లైసెన్సు అనంతపురంలో ఇస్తారు. ఇచ్చేది బ్రేక్ ఇన్‌స్పెక్టరు. గంగాధరప్ప మిల్లు లారీలోనే మూటల మీద పండుకోని పోయి, తన బర్మా లైసెన్సు ఆయన ముందర పెట్టినాడు. ఆయన అద్దాలు పైకెత్తి చూసి, తిరగేసి చూసి, "ఇదేందప్పా, మన అక్షరాల మాదిరే గుండ్రంగా ఉండాయి, ఒక్కటీ నోటికి రాదే!" అన్నాడు.

"ఇరవై ఏండ్ల లైసెన్సు సార్."

"ఉండొచ్చు. ఈడ చెల్లదు. మీకాడ రోడ్డుకు ఏ పక్క పోతారు?"

"ముందర ఎడమపక్కే సార్. మూడు నాలుగేండ్ల కింద ఒక్క దినంలో అందర్నీ కుడిపక్కకు మార్చినారు."

"ఇంగేమి, నీ చెయ్యి చెడిపోయుంటాది. ఎడమకు అలవాటు చేసుకోని రాపో."

ఇంటికొచ్చి అంజనమ్మతో ఎడమ చేతికి ఎర్ర గుడ్డ కట్టించుకున్నాడు. నడిచినా ఎడమపక్కే, చెంబు పట్టుకోని బయలుకు పోయినా ఎడమపక్కే. వీధిలో పిల్లోళ్ళు నవ్వినా విడిచిపెట్టలా. నెల తిరిగేసరికి చెయ్యి మాట వినింది.

మొదటి టెస్టు. ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కూచోని, తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి, "రైట్ రైట్" అన్నాడు. గంగాధరప్ప తన ఎడమ చేతి దిక్కు చూసుకున్నాడు. కుడికా? ఎడమే గదా ఈ దేశంలో? కానీ పెద్దాయన మాట. స్టీరింగు కుడికి తిప్పినాడు. లారీ పోయి ఎదురుగా వస్తాండే గడ్డి బండి ముందర నిలబడింది. ఎద్దులు బెదిరినాయి, బండాయన తిట్టిన తిట్లు కలెక్టరాఫీసు దాకా వినపడినాయి. "నీ చెయ్యి ఇంకా ఓడ దిగలేదప్పా" అని ఇన్‌స్పెక్టరు కాయితం మీద కొట్టేసినాడు.

రెండో టెస్టుకూ అదే మాట, "రైట్ రైట్". ఈసారి కంకర కుప్ప మీదికి ఎక్కించినాడు.

ఆ సాయంత్రం వాన పడతాంటే రంజాన్ బీ బిందె సరిచేసుకుంటా, "ఈసారి కూడానా అన్నా?" అని అడిగింది.

"ఏం చెప్పేదమ్మా. ఎడమపక్క పోవాల అంటారు. నేను ఎడమకు నేర్చుకోని పోతే, ఆ సారు బండెక్కుతానే 'రైట్ రైట్' అంటాడు. తిప్పితే తప్పు. తిప్పకపోతే మాట వినలేదంటాడేమో అని భయం."

ఆడోళ్ళ చేతులు నిలిచిపోయినాయి. ఈ సీమలో ఏ బస్సు కండక్టరైనా 'రైట్ రైట్' అంటే పోనీ అనే అర్థం. చంటిపిల్లోడు కూడా గుమ్మం మీద కూచోని బస్సాట ఆడితే అదే మాట అంటాడు. రంగంలో అయితే క్లీనరు 'త్వా త్వా' అంటాడంట. ఓడ దిగి రైల్లో వచ్చి, మూటల మీద పండుకోని తిరిగేటాయప్పకు కండక్టరు మాట యాడ చెవిన పడతాది?

తిప్పమ్మ నోరు తెరిచింది. రంజాన్ బీ ఆయమ్మ కాలు తొక్కింది.

"పరీక్ష అంటే కష్టమేలేన్నా" అని తిప్పమ్మ నోరు మూసుకుంది.

చెడ్డోళ్ళేం కాదు వాళ్ళు. లైసెన్సు వస్తే నాలుగింటికి ఆయప్ప యాడుంటాడో, కళ్యాణదుర్గంలోనో కదిరిలోనో. వాన కూడా ఆడనే పడతాది. ఎవరూ ఎవరితోనూ ఒట్టు వేయించుకోలా. ఊరికే చెప్పకుండా ఉన్నారు, అంతే.

అందరికన్నా ముందు బిందె పెట్టేది మారెక్క. మొగుడు పోయినాడు, పిల్లలు లేరు, మోకాళ్ళు పట్టేసినాయి. వంక దాటి నడవలేదని గంగాధరప్పే ఆయమ్మ బిందె దినామూ ఇంటిదాకా మోస్తాడు. చవితికి నాలుగు దినాలుండంగా బిందె దించి, పోకుండా గుమ్మంలో నిలబడినాడు. బట్టల నుంచి నీళ్ళు కారతాండాయి.

"అక్కా, ఒక మాట అడుగుతా. ఎల్లుండి ఆఖరి టెస్టు. ఈ దేశంలో నాకు తెలీకుండా ఏమన్నా ఉండాదా? ఉంటే నువ్వన్నా చెప్పు."

మారెక్క పొయ్యి కాడ నుంచి లేయలా. ఊదుడుగొట్టం పక్కన పెట్టింది.

"రైట్ అంటే కుడిపక్క గాదప్పా" అనింది. "పోనీ అని. అంతే అర్థం. నువ్వు నేరుగా పో."

గంగాధరప్ప గోడకానుకోని కింద కూచున్నాడు.

"అందరికీ తెలుసునా?"

"తెలుసు."

"నీకూ?"

"నాకూ తెలుసు నాయనా. తిడితే తిట్టు."

ఆయప్ప తిట్టలా. లేసి, "నేనైనా చెప్పుండనేమోలే అక్కా. బిందె కాడ ఎవరైనా అంతే" అని వెళ్ళిపోయినాడు.

మూడో టెస్టులో ఇన్‌స్పెక్టరు తలుపు కొట్టి "రైట్ రైట్" అన్నాడు. గంగాధరప్ప నేరుగా, ఎడమపక్కగా, బుక్కరాయసముద్రం చెరువుకట్ట దాకా తోలి, తిప్పుకోని వచ్చినాడు. ఇన్‌స్పెక్టరు సంతకం పెడతా, "ఏమప్పా, ఓడ దిగినావే!" అన్నాడు. గంగాధరప్పకు నవ్వు రాలేదు. లైసెన్సు కళ్ళకద్దుకోని జేబులో పెట్టుకున్నాడు. అంజనమ్మ కంకర పని మానేసింది.

వీధిలో మంచం ఖాళీ. మొదటి దినం నాలుగింటికి అలవాటుగా బిందెలు తెచ్చినోళ్ళు ఎండిన వాకిలి చూసి మారెక్క ఇంటి మీదికి పోయినారు.

"నువ్వు గాక ఆయప్పకు ఇంకెవరు చెప్తారు! మా నోట్లో మన్ను కొట్టినావు గదే ముసిల్దానా!"

"అడిగినాడు. చెప్పినా."

"నీ బిందె ఎవరు మోస్తారో మేమూ చూస్తాం."

ఎవరూ మోయలా. మారెక్క తెల్లారకముందే లేసి, రెండు చోట్ల కూచోని లేస్తా, సగం బిందె తెచ్చుకుంటాంది. పలకరించేటోళ్ళు లేరు.

నీళ్ళ సంగతి అట్లుండగా, ఆయమ్మకు అనంతపురం రోడ్డు పక్కన ఎకరం చేనుండాది, చెనక్కాయ వేసింది. చెట్టు పూతైంది, ఊడలు నేలలోకి దిగాల. నేల రాయి మాదిరి గట్టిపడిపోయింది. నలభై దినాలుగా చినుకు లేదు. ఒక్క పదును వాన పడితే ఊడ దిగుతాది, కాయ పడతాది, ఏడాది గడుస్తాది. లేకపోతే ఏమీ లేదు. ఆకులు ముడుచుకుంటాంటే చూసి చూసి, ఒక మధ్యాన్నం గొర్రెల పీరాసాబ్‌ను పిలిచింది.

"మేపుకో పీరా. ఉత్త పుణ్యానికి ఎండిపోయేదానికన్నా నీ గొర్రెలన్నా తింటాయి."

"ఇంకో వారం చూడక్కా."

"ఇప్పటికి ఆరు వారాలు చూసినా. నా వల్ల గాదు, వదులు."

పీరాసాబ్ గొర్రెలను గట్టు మీదికి తోలుకొచ్చినాడు. మందలో ముందరి పొట్టేలు చేన్లోకి తల పెట్టింది.

అప్పుడు రోడ్డు మీద మిల్లు లారీ వచ్చి ఎడమపక్క నిలిచింది. పప్పు మూటల లోడు, అనంతపురం పోవాల, పొద్దు గుంకేలోపల దించాల. గంగాధరప్ప ఇంజను ఆపి దిగినాడు. చెప్పులు లారీ కిందే విడిచినాడు. పంచె ఎగ్గట్టి, గట్టు దాటి, మొదటి సాలులో కాలు పెట్టినాడు. నాలుగైంది.

వాన ఆయప్ప నెత్తిన మొదలైంది. ఆయప్ప నిలబడలా. సాలు వెంబడి చివర దాకా నడిచి, రెండు మంచాల మేర పక్కకు జరిగి, మళ్ళీ వెనక్కి నడిచినాడు. తొందర లేదు, ఆలస్యం లేదు, నాగలి పట్టినోడి నడక. ఆయప్ప పోయిన మేర నేల నల్లబడతాంది. మారెక్క గట్టు మీద కూలబడి చూస్తాంది. ఆయప్ప ఆయమ్మ దిక్కు చూడలా, కాళ్ళ కింద చెట్లు తొక్కకుండా చూసుకుంటా నడుస్తాండాడు. ఇరవై సార్లు పోయినాడో, ఇంకా ఎక్కువో. ఆఖరి సాలు కాడికి వచ్చేసరికి వాన సన్నబడింది.

పీరాసాబ్ పొట్టేలు చెవి పట్టి వెనక్కి లాగి, మందను మళ్ళేసుకోని రోడ్డెక్కినాడు.